దాచిన లెక్క

1965 జూలై 28, బుధవారం మధ్యాహ్నం. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పత్రికల వారిని పిలిచి, వియత్నాంలో ఉన్న 75 వేల సైన్యాన్ని 1 లక్షా 25 వేలకు పెంచుతున్నట్టు ప్రకటించాడు. రెండు రోజుల తర్వాత, శుక్రవారం నాడు, మిస్సోరి రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊరికి వెళ్లి, మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వృద్ధులకు మెడికేర్‌ను, పేదలకు మెడికెయిడ్‌ను ఇచ్చే చట్టం మీద సంతకం చేశాడు. మొదటి నిర్ణయం 58 వేల పైచిలుకు అమెరికన్లను, లక్షల సంఖ్యలో వియత్నాం ప్రజలను బలి తీసుకుంది. రెండో నిర్ణయం అప్పటినుంచి ఈనాటి దాకా కోట్లమందికి వైద్యం చేయిస్తోంది. రెండూ ఒకే మనిషివి, ఒకే వారంలోవి.

ఈ రెండు రోజుల ఎడాన్ని అర్థం చేసుకోవడానికి డోరిస్ కెర్న్స్ గుడ్‌విన్ రాసిన ‘లిండన్ జాన్సన్ అండ్ ది అమెరికన్ డ్రీమ్’ను మించిన పుస్తకం దొరకడం కష్టం. 1976లో వచ్చిన పుస్తకమిది. దాని పుట్టుకే ఒక కథ. 1967లో ఆమె వైట్ హౌస్ ఫెలోగా ఎంపికైన రోజుల్లోనే, జాన్సన్‌ను మరుసటి ఎన్నికల్లో ఎలా దించాలో చర్చిస్తూ ఆమె మరొకరితో కలిసి రాసిన వ్యాసం ‘ది న్యూ రిపబ్లిక్’ పత్రికలో అచ్చయింది. జాన్సన్ ఆమెను పంపించివేయలేదు. పదవి దిగిపోయాక టెక్సస్‌లోని తన ఇంటికి పిలిపించుకుని, జ్ఞాపకాల గ్రంథం రాయడంలో ఆమె సాయం తీసుకున్నాడు. ఆ గ్రంథం 1971లో వెలువడింది. గంభీరంగా, ఉప్పూకారం లేకుండా ఉంటుంది. తెల్లవారుజామున ఆమె దగ్గర మనసు విప్పిన జాన్సన్ అందులో కనబడడు. అతను కనబడేది ఈ పుస్తకంలోనే.

ఇందులోని జాన్సన్ పేదరికాన్ని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదు. ఇరవయ్యేళ్ల వయసులో, దక్షిణ టెక్సస్‌లోని కొటుల్లా అనే ఊళ్లో, మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పినవాడు. ఖాళీ కడుపుతో బడికి వచ్చిన ఆ పిల్లలను అతను మరిచిపోలేదు. 1965 మార్చిలో నల్లజాతివారి ఓటు హక్కు కోసం ఉభయసభల ముందు మాట్లాడినప్పుడు కూడా వాళ్లనే తలచుకున్నాడు. అంతకు ముందు ఏడాది జనవరిలో పేదరికం మీద బేషరతు యుద్ధం ప్రకటించాడు. ఆ ఆగస్టు 10న వియత్నాంలో బలప్రయోగానికి వీలిచ్చే టాంకిన్ సింధుశాఖ తీర్మానం మీద సంతకం చేశాడు. మరో పది రోజులకు, ఆగస్టు 20న, పేదరిక నిర్మూలనకు దాదాపు 95 కోట్ల డాలర్లు కేటాయించే ఆర్థిక అవకాశాల చట్టం మీద సంతకం చేశాడు. ఆ రెండు యుద్ధాలూ మొదటినుంచీ కవల పిల్లల్లా పెరిగాయి.

పదవి పోయాక జాన్సన్ తన సంక్షేమ స్వప్నాన్ని తాను నిజంగా ప్రేమించిన స్త్రీతో పోల్చుకున్నాడనీ, ఆమెను తననుంచి దూరం చేసినదిగా వియత్నాంను తిట్టుకున్నాడనీ గుడ్‌విన్ రాసింది. ఈ పుస్తకం గురించి మాట్లాడిన ప్రతివారూ ఎత్తిచూపే సన్నివేశం అది. దాన్ని పట్టుకుని, యుద్ధం సంక్షేమాన్ని మింగేసిందనే తీర్పు అర్ధ శతాబ్దంగా చలామణీ అవుతోంది. ఆ తీర్పులో నిజముంది. అయితే సగమే ఉంది. మిగిలిన సగాన్ని వదిలేస్తే ఆ చరిత్రనుంచి నేర్చుకోవలసిన పాఠం చేజారిపోతుంది.

ముందు ఆ తీర్పుకు రావలసిన గౌరవం ఇవ్వాలి. దాన్ని మొదట చెప్పినవారు సామాన్యులు కారు. 1953 ఏప్రిల్‌లో పత్రికా సంపాదకుల సభలో మాట్లాడుతూ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, తయారైన ప్రతి తుపాకీ ఆకలిగొన్నవారి నోటిముందు కూడు దొంగిలించడమేనన్న అర్థం వచ్చే మాటలన్నాడు. ఒక బాంబరు విమానం ధరకు ముప్పైకి పైగా ఊళ్లలో కొత్త బడులు కట్టవచ్చునని లెక్క కట్టి చెప్పాడు. సైన్యాన్ని నడిపి రెండో ప్రపంచ యుద్ధం గెలిచినవాడి నోట వచ్చిన మాట కాబట్టి దాన్ని శాంతివాదుల అమాయకత్వమని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యపడలేదు. పద్నాలుగేళ్ల తర్వాత, 1967 ఏప్రిల్ 4న, న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ ఇదే విషయాన్ని మరింత పదునుగా చెప్పాడు. పేదలకోసం మొదలైన కార్యక్రమం యుద్ధం ముందు ఎలా చితికిపోయిందో తాను కళ్లారా చూశానన్నాడు. సొంత ఊళ్లో ఒకే బడిలో కూర్చోనివ్వని నల్ల, తెల్ల యువకులను వియత్నాంలో మాత్రం పక్కపక్కన చావడానికి పంపుతున్నారన్నాడు. మర్నాటినుంచి పెద్ద పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి. పౌరహక్కుల ఉద్యమంలోని సహచరులు కూడా కొందరు దూరం జరిగారు. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, మెంఫిస్‌లో ఆయన హత్యకు గురయ్యాడు.

కింగ్ మాటల నైతిక బలాన్ని ఎవరూ కాదనలేరు. ఐసెన్‌హోవర్ త్రాసు మాత్రం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. ఒక పళ్లెంలో బాంబరు, మరో పళ్లెంలో బడి. ఇది బరువెక్కితే అది తేలిపోవాలి. వియత్నాం కాలపు అంకెలను ఆ త్రాసులో వేసి చూస్తే ముల్లు అంత తిన్నగా నిలబడదు. కొరియా యుద్ధ కాలంలో అమెరికా రక్షణ వ్యయం స్థూల జాతీయోత్పత్తిలో 13 శాతం దాటింది. వియత్నాం యుద్ధం ఉచ్చస్థాయిలో ఉన్న 1968లో అది దాదాపు 9 శాతం. ఐసెన్‌హోవర్ పాలన చివర, యుద్ధమేదీ లేని రోజుల్లో కూడా ఇంచుమించు అంతే ఉండేది. ఇక పేదరికం సంగతి. 1964లో దేశ జనాభాలో 19 శాతం పేదలుగా లెక్కకు వస్తే, 1969 నాటికి అది 12 శాతానికి దిగింది. ఆ తగ్గుదలలో ఉద్యోగాలు పెరగడానికి కూడా వాటా ఉంది. ఏమైనా, యుద్ధం సాగిన సంవత్సరాల్లోనే మెడికేర్ పెరిగింది, మెడికెయిడ్ ఒక్కొక్క రాష్ట్రానికీ విస్తరించింది. తుపాకీ అన్నాన్ని తినేసిందనడం ఒక్కటే నిజమైతే ఇది జరగకూడదు.

మరి పోయినది ఏది? పేదరికంతో పోరాడటానికి ప్రత్యేకంగా ఏర్పడిన ఆర్థిక అవకాశాల కార్యాలయం పోయింది. సార్జెంట్ శ్రైవర్ నడిపిన ఆ సంస్థ పేద పిల్లలకు పూర్వ పాఠశాలలు, యువకులకు వృత్తి శిక్షణ, పేదలకు ఉచిత న్యాయ సహాయం, పేటపేటనా ప్రజలే నడుపుకొనే సంఘాలు నెలకొల్పింది. జాన్సన్ పదవిలో ఉన్నంతకాలం ఏ ఏటా దాని బడ్జెట్ 200 కోట్ల డాలర్లకు చేరలేదు. వియత్నాం ఖర్చు 1967లో ఒక్క ఏడాదికే దాదాపు 2,000 కోట్ల డాలర్లు. జాన్సన్ తర్వాత వచ్చిన నిక్సన్ ఆ కార్యాలయాన్ని ఒక యువ కాంగ్రెస్ సభ్యుడి చేతిలో పెట్టాడు. అతని పేరు డోనాల్డ్ రమ్స్‌ఫెల్డ్. తర్వాతి కాలంలో రెండు మార్లు రక్షణ మంత్రి అయినవాడు అతనే. 1970ల మధ్యకు వచ్చేసరికి ఆ కార్యాలయం పేరు కూడా మిగలలేదు.

ఒకే తల్లి పిల్లల్లో ఒకరు బతికి ఒకరు పోవడానికి కారణం ఏమిటి? గుడ్‌విన్ పుస్తకంలో దీనికి సూటి జవాబు లేకపోయినా, జవాబుకు దారి ఉంది. జాన్సన్ భయాన్ని ఆమె వివరించిన పుటల్లో అది కనిపిస్తుంది. యుద్ధం గురించి దేశంలో బహిరంగ చర్చ మొదలైతే, కాంగ్రెస్‌లోని మితవాదులు దాన్ని సాకుగా చేసుకుని తన సంక్షేమ బిల్లులన్నిటినీ పక్కన పడేస్తారని అతని భయం. అందుకే యుద్ధాన్ని గుట్టుగా నడపాలనుకున్నాడు. రిజర్వు దళాలను పిలవాలని రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఇచ్చిన సలహాను తోసిపుచ్చాడు. పన్నులు పెంచడానికి ఒప్పుకోలేదు. జూలై 28 నాటి ప్రకటనకు దేశమంతా టీవీల ముందు ఉండే రాత్రివేళను కాకుండా మధ్యాహ్నపు పత్రికా సమావేశాన్ని ఎంచుకున్నాడు. సుప్రీం కోర్టుకు ఏబ్ ఫోర్టాస్ నియామకం వార్తను కూడా అక్కడే కలిపి చెప్పాడు. మరింత సైన్యం పంపక తప్పదని తెలిసి కూడా ఆ రోజు పెద్ద అంకె పలకలేదు. ఆ ఏడాది చివరికే వియత్నాంలో 1 లక్షా 80 వేలకు పైగా అమెరికన్ సైనికులున్నారు. 1968 చివరికి ఆ సంఖ్య 5 లక్షలు దాటింది.

సైన్యం సంఖ్యను దాచినట్టే డబ్బు లెక్కను కూడా దాచాడు. 1967 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌ను, యుద్ధం ఆ సంవత్సరం ముగిసేసరికి ఆగిపోతుందన్న ఊహ మీద తయారుచేశారు. యుద్ధానికి సుమారు 1,000 కోట్ల డాలర్లు చాలునన్నారు. దాదాపు రెండింతలు అయింది. పన్ను వెయ్యక తప్పదని ఆర్థిక సలహాదారులు 1965 చివరనుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. 1966 జనవరిలో జాన్సన్ కాంగ్రెస్‌కు ఇచ్చిన భరోసా మాత్రం, ఈ దేశం విదేశంలో యుద్ధాన్నీ ఇంట్లో సంక్షేమాన్నీ రెంటినీ మొయ్యగలదని. మొయ్యగలదన్న మాట అబద్ధం కాదు. మోసేవారికి బరువు ఎంతో చెప్పకపోవడం అబద్ధం.

ఆ అబద్ధానికి మూల్యం ధరల రూపంలో వచ్చింది. పన్నులతో వెనక్కి తీసుకోని డబ్బు బజారులోకి చేరింది. 1965లో 2 శాతం లోపు ఉన్న ద్రవ్యోల్బణం 1969 నాటికి 5 శాతం దాటింది. జాన్సన్ 1967లో పన్ను మీద పన్ను అడిగేసరికి, ప్రతినిధుల సభలో పన్నుల కమిటీకి అధ్యక్షుడైన విల్బర్ మిల్స్ అడ్డుపడ్డాడు. ముందు ఖర్చు తగ్గించండి, పన్ను సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఏడాదికి పైగా బేరం సాగి, 1968 జూన్‌లో 10 శాతం అదనపు పన్నుతోపాటు 600 కోట్ల డాలర్ల కోత కూడా చట్టమైంది. యుద్ధపు ఖర్చును ఆ కోత తాకలేదు. అప్పుల వడ్డీని తాకలేదు. సోషల్ సెక్యూరిటీ చట్టం కింద జనానికి హక్కుగా అందే చెల్లింపులనూ తాకలేదు. ఏ ఏటికాయేడు కాంగ్రెస్ గడపలో చెయ్యిచాచి తెచ్చుకోవలసిన కార్యక్రమాలే కోత కత్తి కింద మెడ పెట్టవలసి వచ్చింది.

ఈ కథలో అందరూ మరిచిపోయే ముడి ఒకటుంది. కోత పెట్టించిన విల్బర్ మిల్స్, మూడేళ్ల క్రితం మెడికేర్ చట్టానికి తుది రూపం ఇచ్చిన మనిషి కూడా. ఆసుపత్రి ఖర్చులకు జీతాలమీది పన్నుతో నిండే ప్రత్యేక నిధినీ, డాక్టర్ల ఫీజులకు చందా పద్ధతినీ, పేదలకు రాష్ట్రాల భాగస్వామ్యంతో మెడికెయిడ్‌నూ కలిపి ఒకే చట్టంగా కుట్టింది అతనే. అరవై అయిదేళ్లు నిండిన మనిషి ఏ అధికారి దయా అడగనక్కరలేదు. కార్డు చూపిస్తే చాలు. అలా రాసిపెట్టిన దాన్ని రాసినవాడే మూడేళ్ల తర్వాత ముట్టుకోలేకపోయాడు. యుద్ధ కాలంలో హక్కుగా రాసిపెట్టినవి నిలిచాయి, దయగా ఇచ్చినవి రాలిపోయాయి. జాన్సన్ కాలంనుంచి నేర్చుకోవలసిన అసలు పాఠం ఇది.

దయకూ హక్కుకూ తేడా ఏమిటో వైద్యులకు ఒక ఉదాహరణతో చెప్పవచ్చు. మిసిసిపి డెల్టాలోని మౌండ్ బాయూ అనే ఊరు. పత్తి చేలల్లోకి యంత్రాలు రావడంతో పనులు పోయిన నల్లజాతి కూలీల ప్రాంతం. జాక్ గైగర్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి, పేదరిక నిర్మూలన నిధులతో అక్కడ ప్రజారోగ్య కేంద్రం పెట్టాడు. పిల్లలు అంటురోగాలతో వచ్చేవారు, వెనక అసలు రోగం ఆకలి. వైద్యులు మందుచీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసివ్వడం మొదలుపెట్టారు. ఊరి కిరాణా కొట్టువాళ్లు సరుకు ఇచ్చి, బిల్లు కేంద్రం మందుల ఖాతాకు పంపేవారు. మందుల డబ్బు జబ్బులు నయం చెయ్యడానికే కదా అని నిధులిచ్చే కార్యాలయం అభ్యంతరం చెప్పింది. తాను చదివిన వైద్య గ్రంథాల ప్రకారం పోషకాహార లోపానికి మందు ఆహారమేనని గైగర్ జవాబిచ్చాడు. అధికారి దగ్గర మరో మాట లేకపోయింది. కేంద్రం వాళ్లు అక్కడితో ఆగలేదు. బావులు తవ్వించారు, మరుగుదొడ్లు కట్టించారు, కూలీలు కలిసి కూరగాయలు పండించుకునే సహకార సేద్యానికి అండగా నిలిచారు.

ఆ జవాబు వైద్య విద్యార్థులకు నేటికీ ముచ్చటగా వినిపిస్తుంది. అందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆకలితో ఉన్న పసిబిడ్డకు పాలు అందడం ఒక వైద్యుడి తెగువ మీద, ఒక అధికారి మౌనం మీద ఆధారపడింది. మరో వైద్యుడు, మరో అధికారి అయివుంటే ఆ చీటీ చెల్లేది కాదు. అటువంటి ఆరోగ్య కేంద్రాలు మాతృసంస్థ కనుమరుగైనా బతికి, నేడు దేశమంతటా మూడు కోట్ల మందికి పైగా చూస్తున్నాయంటే, అవి తమవని చెప్పుకునే ప్రజలు వాటి వెనక నిలబడటమే కారణం. చట్టంలో పూర్తి హక్కు దొరకని చోట ప్రజలే ఆ హక్కును తమ పట్టుదలతో నింపారు.

దయ మీద బతకడం ఎలా ఉంటుందో ఆ రోజుల్లోనే భారతదేశం కూడా చవిచూసింది. 1965లోనూ 1966లోనూ వరుసగా వానలు మోసం చేశాయి. పీఎల్-480 పథకం కింద వచ్చే అమెరికా గోధుమలే ఆధారమయ్యాయి. 1966లో దేశం దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకుంది. కొటుల్లా పిల్లల ఆకలిని మరవని జాన్సన్, ఆ గోధుమల ఓడలను మాత్రం నెలనెలా తన చేత్తోనే వదిలేవాడు, ఆపేవాడు. భారతదేశం తన వ్యవసాయాన్ని సంస్కరించుకోవాలన్నది అతను చెప్పిన కారణం. వియత్నాం మీద బాంబుదాడులను ఇందిరా గాంధీ ప్రభుత్వం విమర్శించడం అతనికి కోపకారణమైందన్నదీ దాగని సంగతే. ఆ ఒత్తిడి హరితవిప్లవాన్ని తొందరపెట్టిందని చెప్పేవారున్నారు, అందులో కొంత వాస్తవం లేకపోలేదు. అయినా చౌకధరల దుకాణం ముందు గోధుమలకోసం నిలబడిన మనిషికి, తన రాత్రి భోజనం హనోయ్ గురించి ఢిల్లీ ఏమన్నదన్న దాని మీద ఆధారపడి ఉండటం ఎంతటి అవమానమో వేరే చెప్పనక్కరలేదు. ఇచ్చేవాడి చెయ్యి ఎంత పెద్దదైనా, అది ముడుచుకోగలిగినంతకాలం తీసుకునేవాడికి నిద్ర పట్టదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ చరిత్ర పరాయిదేమీ కాదు. మెడికేర్ చట్టం అయిన రెండు నెలలకే, 1965 అక్టోబర్ 3న, జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. అంతవరకు భారతీయులకు ఏడాదికి 100 మంది అన్న పరిమితి ఉండేది. మెడికేర్, మెడికెయిడ్‌లతో ఆసుపత్రులకు రోగులు పెరిగారు. రెసిడెంట్ల శిక్షణకు మెడికేరే డబ్బు చెల్లించసాగింది. మరోవైపు నిర్బంధ సైనిక సేవ కింద అమెరికన్ యువ వైద్యులు సైన్యానికి వెళ్లవలసి వచ్చేది. ఆ ఖాళీలలోకి విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలల పట్టభద్రులు నడిచివచ్చారు. వాళ్లు అడుగుపెట్టిన ఆసుపత్రుల్లో నల్లవారికీ తెల్లవారికీ వేరువేరు వార్డులు తొలగి ఎన్నో ఏళ్లు కాలేదు. జాతివివక్ష పాటించే ఆసుపత్రికి మెడికేర్ డబ్బు రాదన్న నియమమే 1966లో ఆ గోడలను కూల్చింది. తెలుగు వైద్యుడి అమెరికా ప్రస్థానం కష్టార్జితమే. కానీ ఆ ప్రస్థానానికి తలుపు తీసిన చేతుల్లో ఒకటి సంక్షేమానిది, ఒకటి యుద్ధానిది. సంక్షేమ పథకాలను సోమరుల పోషణగా ఈసడించే మాట మన సభల్లో వినబడినప్పుడల్లా ఈ సంగతి ఒకసారి గుర్తుకు తెచ్చుకోవడం మేలు.

హక్కుగా రాస్తే చాలు, ఇక భయం లేదా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయంగానే వస్తుంది. హక్కుల వల్ల వ్యయం ఏటేటా పెరిగిపోతుందని ఆర్థికవేత్తలు చేసే అభ్యంతరాన్నీ తోసిపుచ్చలేము. నేడు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, మెడికెయిడ్ మూడూ కలిస్తే రక్షణ వ్యయానికి ఎన్నో రెట్లు. బాంబరును ఆపి బడి కట్టవచ్చునన్న పాత లెక్క ఆ మేరకు చిన్నబోయింది. అలాగే రక్షణ వ్యయమంతా దుబారా అనడమూ సబబు కాదు. పొరుగున ఉన్న బలవంతుడి దాడికి గురైన దేశాలను అడిగితే తెలుస్తుంది, గోడ లేని ఇంట్లో అన్నం వండుకోవడం ఎంత కష్టమో. కాబట్టి తుపాకీయా అన్నమా అన్నది ప్రతి తరమూ తనంతట తాను తేల్చుకోవలసిన ప్రశ్న. దాన్ని తేల్చుకోవాలంటే రెండింటి ధరా తెలియాలి.

ధర చెప్పి యుద్ధం చేసిన ఉదాహరణ ఉంది. కొరియా యుద్ధం మొదలైన వెంటనే ట్రూమన్ పన్నులు పెంచాడు. జనం గొణిగారు, ట్రూమన్ పలుకుబడి పడిపోయింది, అయినా యుద్ధానికయ్యే ఖర్చులో పెద్ద భాగం ఆ తరమే కట్టింది. జాన్సన్ నాటినుంచి ఆ పద్ధతి పోయింది. 2001 తర్వాత అఫ్గానిస్థాన్, ఇరాక్ యుద్ధాల వేళ పన్నులు పెంచడం మాట అటుంచి తగ్గించారు. యుద్ధం అప్పుల పద్దులోకి పోయింది. ఆ అప్పుల మీద వడ్డీ 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా మొత్తం రక్షణ వ్యయాన్నే మించింది. అన్ని అప్పులూ యుద్ధాలవి కావు. కానీ ధర చెప్పకుండా కొనే అలవాటుకు అక్కడే బీజం పడింది.

2025 జూలై 4న చట్టమైన బిల్లు ఈ అలవాటుకు తాజా రూపం. ఒకే చట్టంలో రక్షణకు సుమారు 15,000 కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చారు. పన్నులు తగ్గించారు. మెడికెయిడ్‌లో పదేళ్లలో 90 వేల కోట్ల డాలర్లకు పైగా కోత పడుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా కట్టింది. 2034 నాటికి బీమా లేనివారు మరో కోటిమంది పెరుగుతారని కూడా చెప్పింది. మెడికెయిడ్ పొందే పెద్దలు నెలకు 80 గంటల పని రుజువు చూపాలన్న నిబంధన 2026 చివరనుంచి అమలవుతుంది, అంటే ఆ నవంబర్ ఎన్నికలు ముగిశాక. నిబంధనను సమర్థించేవారికి తమ వాదన ఉంది. పని చెయ్యగలవారు పని చెయ్యాలనడంలో అన్యాయం లేదంటారు. అలాంటప్పుడు దాన్ని ఎన్నికలకు ముందే అమలుచేసి ప్రజల తీర్పు కోరవచ్చు. తీపి ముందూ చేదు తర్వాతా వడ్డించడం చూస్తే, 1965 జూలై నాటి మధ్యాహ్నపు పత్రికా సమావేశం గుర్తుకు రాక మానదు. హక్కుకు కూడా చెద పట్టవచ్చునని, అది కాగితాల మధ్యనుంచి, రుజువుల రూపంలో, నెమ్మదిగా పడుతుందని ఈ చట్టం చెబుతోంది.

గుడ్‌విన్ పుస్తకం మీద ఒక ఫిర్యాదు చెయ్యవచ్చు. జాన్సన్ మనసు లోతుల్లోకి వెళ్లే ఉత్సాహంలో, అతని తల్లి ప్రేమ, పీడకలలు, అహంకారం వంటివాటికి ఆమె ఎక్కువ చోటిచ్చింది. చదివిన తర్వాత అదొక వ్యక్తి విషాదంగా మిగిలిపోయే ప్రమాదముంది. ఒక గొప్ప మనిషి ఒక బలహీనతవల్ల కూలిపోయాడని నిట్టూర్చి పుస్తకం మూసెయ్యడం తేలిక. కానీ లెక్కను దాచడం ఒక్క జాన్సన్ బలహీనత కాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోతగా బతికే ప్రతి ప్రభుత్వానికీ అది వీలైన దారి. జాన్సన్ ప్రత్యేకత ఏమిటంటే, అతను ఆ దారి పట్టింది సంక్షేమాన్ని కాపాడాలన్న కోరికతోనే. మంచి కోసం ఆడిన అబద్ధం మంచినే ముందుగా కాటేసింది. ప్రభుత్వం మాట మీద అమెరికన్లకు ఉన్న నమ్మకం ఆ యుద్ధంలో పోయింది, తిరిగి పూర్తిగా రాలేదు. సంక్షేమానికి డబ్బుకన్నా అవసరమైన పెట్టుబడి ఆ నమ్మకమే.

జాన్సన్ 1973 జనవరి 22న కన్నుమూశాడు. అయిదు రోజుల తర్వాత పారిస్‌లో వియత్నాం శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అతను ఎంతగానో ప్రేమించిన ఆర్థిక అవకాశాల కార్యాలయం అప్పటికే కొన ఊపిరితో ఉంది. ఇండిపెండెన్స్‌లో సంతకం పెట్టిన చట్టం మాత్రం ఈ ఉదయం కూడా ఏదో ఒక ఆసుపత్రిలో ఒక వృద్ధురాలి బిల్లు కడుతూ ఉంటుంది. ఆమె ఎవరికీ కృతజ్ఞతలు చెప్పనక్కరలేదు. దాని ధర ఎంతో చెప్పి, దాన్ని హక్కుగా ఇచ్చారు. ఆమె తన పనిచేసిన కాలమంతా దానికి పన్ను కట్టింది. ఏ సంక్షేమ కార్యక్రమానికైనా, ఏ యుద్ధానికైనా పౌరులు అడగవలసింది ఆ రెండే: ధర ఎంత, ఎవరు కడతారు. జవాబు చెప్పడానికి మధ్యాహ్నపు వేళను ఎంచుకునే నాయకుణ్ణి, అతను ఏ పక్షంవాడైనా సరే, అనుమానించడం ఈ పుస్తకం నేర్పుతుంది.